రెప్పపాటులో ఒక రేకు

ఆత్రేయపురం పూతరేకు మాట వస్తే ముందు నెయ్యి గురించి మాట్లాడతాం. తర్వాత బెల్లమా, పంచదారా అని అడుగుతాం. జీడిపప్పు ఎంత వేశారో విప్పి చూస్తాం. ఈ మధ్య చాక్లెట్‌వి కూడా వచ్చాయని చెప్పుకుంటాం. వీటన్నిటినీ పొదివి పట్టుకున్న తెల్లటి బియ్యపు పొర, అంటే రేకు, దాని సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. దానికి రుచి లేదు, వాసన లేదు, చేతిలో పెడితే బరువు కూడా తెలియదు. అయినా పూతరేకులో పనితనమంతా ఆ పొరలోనే ఉంది. మంచి నెయ్యి, మంచి బెల్లం డబ్బు పెడితే ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. రేకు తీసే చెయ్యి అలా దొరకదు. అది ఏళ్ల తరబడి పొయ్యి ముందు కూర్చుంటే తప్ప రాదు. అలా కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లలో చాలామంది గోదావరి పాయల మధ్య ఉన్న ఈ చిన్న ఊరివాళ్లు, దాని చుట్టుపక్కల పల్లెలవాళ్లు.

రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం వచ్చి, కాటన్ బ్యారేజీ మీదుగా నది దాటి బొబ్బర్లంకలో దిగితే కోనసీమ నెత్తిన అడుగు పెట్టినట్టే. గోదావరి ఇక్కడే గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ ఉన్న నేలే కోనసీమ. బొబ్బర్లంక నుంచి రావులపాలెం వైపు సాగితే ఆత్రేయపురం వస్తుంది. ఊరు దగ్గర పడుతున్న కొద్దీ రోడ్డు పక్కన పూతరేకుల బోర్డులు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. దుకాణంలో అద్దాల వెనక పెట్టినవి చుట్టేసిన పూతరేకులు. రేకులు తీసే చోటు అక్కడ ఉండదు. దానికోసం సందుల్లోకి వెళ్లాలి. ఇంటి వెనక పాకలోనో, వసారా చివరో పొయ్యి, దాని మీద బోర్లించిన కుండ ఉంటాయి.

ఈ మిఠాయిని మొదట ఎవరు చేశారన్నదాని మీద ఊళ్లో రకరకాల కథలు చెబుతారు. ఆ కథల్లో దేన్నీ నమ్మక్కర్లేదు. కావలసిన సరుకులు చూస్తే చాలు, ఇది ఏ నేల మీద పెరిగిన విద్యో తెలిసిపోతుంది. బియ్యం, ఎండు కొబ్బరి కమ్మలు, మట్టి కుండ, గేదె నెయ్యి. వీటి వెనక గోదావరి ఆనకట్ట కథ ఉంది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. నది అడ్డంగా లంకలతో చీలి ఉంటుంది కాబట్టి ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. అందులో ర్యాలి ఇప్పుడు ఆత్రేయపురం మండలంలోదే. ఆనకట్టతో కాలవలు వచ్చాయి, కాలవల వెంట వరి నిలకడగా పండింది, గట్ల మీద కొబ్బరి పెరిగింది. గడ్డికి లోటు లేదు కాబట్టి ప్రతి దొడ్లోనూ గేదె నిలిచింది. పూతరేకు పుట్టుక ఆనకట్టకు ముందో వెనకో గానీ, దాన్ని ఇంటింటి పనిగా నిలబెట్టే సరుకంతా ఈ కాలవ నీళ్లు తెచ్చిపెట్టినదే.

బియ్యం దగ్గర మొదలుపెడదాం. రేకులకు జయ బియ్యం కావాలంటారు. అన్నానికి ఇక్కడ ఇప్పుడు జయ కొనేవాళ్లు తక్కువ, గింజ లావు. ఎక్కువమందికి సన్నబియ్యమే కావాలి. రేకు తీసేవాళ్లు మాత్రం జయనే వెతుక్కుంటారు. ఇది మరీ పాత రకమేమీ కాదు. దేశమంతటా వరి పరిశోధనను ఒక తాటి మీదికి తెచ్చిన అఖిల భారత సమన్వయ పథకం హైదరాబాద్ కేంద్రంగా పనిచేసి, 1968లో విడుదల చేసిన తొలి రకం జయ. తైవాన్ నుంచి వచ్చిన పొట్టి వరి తైచుంగ్ నేటివ్-1ను, టి-141 అనే మన రకాన్ని సంకరం చేసి తీశారు. అంటే అంతకు ముందు ఇక్కడివాళ్లు మరేదో బియ్యంతో రేకులు తీసి ఉండాలి. హరిత విప్లవం నాటి పొట్టి వరి చేతికి వచ్చాక ఆడవాళ్లు దాన్ని కుండ మీద పరీక్షించి, బాగుందని పట్టేసుకుని ఉంటారు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. పరిశోధన కేంద్రం ఎకరాకు ఎన్ని బస్తాలు పండుతుందో చూసి ఆ రకాన్ని మెచ్చింది. ఆత్రేయపురం ఆడవాళ్లు మెచ్చింది వేరే గుణాన్ని. ఆ గుణం కోసం ఎవరూ దాన్ని తయారు చేయలేదు.

ఏమిటా గుణం? బియ్యంలో ఉండే పిండిపదార్థం రెండు రకాలు. ఒకటి పొడవాటి గొలుసుల్లా ఉండే అమైలోజు, రెండోది కొమ్మలు కొమ్మలుగా అల్లుకునే అమైలోపెక్టిన్. రెండోది మరీ ఎక్కువైతే అన్నం జిగటగా ముద్దవుతుంది. అమైలోజు పాలు ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా, చల్లారాక కాస్త గట్టిగా ఉంటుంది. రేకుకు కావలసింది ఈ పొడిపొడిగా ఉండే బియ్యమే. వేడి తగలగానే పిండి ఉడికి, గొలుసులు ఒకదాని పక్కన ఒకటి చేరి, నీరు ఆవిరైపోగానే బిగుసుకుని పొరగా నిలబడాలి. జిగట బియ్యంతో తీస్తే పొర సాగుతుంది, కుండను పట్టుకుని వదలదు. ఈ రసాయన శాస్త్రం ఎవరూ చెప్పకుండానే, ఏ బియ్యంతో రేకు లేస్తుంది, దేనితో లేవదు అని వేళ్లతో తేల్చుకున్నారు.

బియ్యం కడిగి, నానబెట్టి, మెత్తగా రుబ్బుతారు. ఒకప్పుడు రుబ్బురోలు, ఇప్పుడు గ్రైండరు. మెత్తగా అంటే దోసెల పిండి మెత్తదనం చాలదు. వేళ్ల మధ్య రాస్తే గరుకు తెలియకూడదు. రుబ్బిన పిండిలో నీళ్లు పోసి బాగా పలచన చేస్తారు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది పిండిలా కనిపించదు, బియ్యం కడిగిన నీళ్లేమో అనిపిస్తుంది. వెడల్పాటి గిన్నెలో ఆ పాలవంటి నీళ్లు పోసుకుని పక్కన పెట్టుకుంటారు. బియ్యప్పిండి నీళ్లలో కరగదు, కలిపినంతసేపే తేలుతుంది. ఒక్క క్షణం వదిలేస్తే అడుగుకు దిగిపోతుంది. అందుకని గుడ్డ ముంచిన ప్రతిసారీ చేత్తో కలుపుతూనే ఉండాలి. కలపడం మరిచిపోతే పై నీళ్లతో తీసిన రేకు చిల్లులు పడుతుంది. అడుగుకు వచ్చేసరికి రేకు మందమై, ఎండాక పెళుసుగా పగులుతుంది.

గుడ్డ నూలుది, పలచటిది, బాగా వాడి మెత్తబడ్డది. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, నీళ్లు సమంగా పీల్చదు. రెండు చేతుల్తో రెండు కొసలు పట్టుకునేంత వెడల్పు ఉంటే చాలు.

కుండ మాత్రం మామూలు వంట కుండ కాదు. రేకుల కోసమే చేయించుకునే కుండ అది. వెడల్పుగా, గుండ్రంగా, వీపు మీద ఎగుడుదిగుడు లేకుండా నున్నగా ఉండాలి. దాన్ని పొయ్యి మీద బోర్లిస్తారు. ఒక పక్క తెరిచి ఉంచిన చోటు నుంచి లోపలికి మంట పెడతారు. అంటే కుండ లోపల నిప్పు, బయట వీపు మీద రేకు. కొత్త కుండను వెంటనే పనిలో దించరు. నూనె రాస్తూ, కాలుస్తూ, తుడుస్తూ మచ్చిక చేస్తారు. మట్టి సందుల్లోకి నూనె ఇంకి వీపు నల్లగా నిగనిగలాడే దాకా రేకు సరిగా లేవదు. బాగా మచ్చికైన కుండను ఇంట్లో ప్రాణంలా చూసుకుంటారు. అది పగిలితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

మంట కొబ్బరి కమ్మలతోనే. కోనసీమలో అవి ఊరికే రాలి పడతాయి కాబట్టి వాడతారని అనుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం మంట స్వభావంలో ఉంది. మొద్దు కట్టెలు పెడితే నిప్పు పట్టుకుని కూర్చుంటుంది, కుండ ఒక్కసారి వేడెక్కితే చల్లారనివ్వదు. ఎండు కమ్మ అలా కాదు. వెయ్యగానే భగ్గుమంటుంది, క్షణంలో అయిపోతుంది. వేడి కావాలంటే ఒక కమ్మ తోస్తారు, ఎక్కువైందంటే చెయ్యి ఆపుతారు. స్టవ్ మీద మీట తిప్పినంత సులువుగా మంట వాళ్ల మాట వింటుంది. ఇలా ఒక చెయ్యి రేకు మీద, ఒక చెయ్యి మంట మీద, కన్ను రెంటి మీదా పెట్టి పనిచేస్తారు.

అసలు పని రెప్పపాటు. గుడ్డను పిండినీళ్లలో ముంచి, రెండు కొసలు పట్టి లేపి, కుండ వీపు మీద ఒక అంచు నుంచి రెండో అంచుకు పరిచి, అదే ఊపులో లాగేస్తారు. సుయ్‌మంటుంది. గుడ్డ పైకి లేచేసరికి కుండ మీద తడి పొర ఒకటి మిగిలి ఉంటుంది. చూస్తుండగానే దాని మీది మెరుపు పోయి తెల్లగా పాలిపోతుంది, అంచులు లేస్తాయి. ఆ అంచు పట్టుకుని ఒలిస్తే పొరకు పొరంతా ఊడి వస్తుంది. పక్కన దొంతరలో వేస్తారు. ఈలోగా రెండో చెయ్యి మళ్లీ గుడ్డను ముంచేసి ఉంటుంది.

చూడటానికి ఇంతే. కానీ ఆ ఒక్క ఊపులో ఎన్ని లెక్కలు ఉన్నాయో ఆలోచించండి. గుడ్డ నిదానంగా లాగితే ముందు తగిలిన చోట పిండి ఉడికిపోయి గుడ్డకే అంటుకుంటుంది. మరీ గబుక్కున లాగితే పొర సమంగా పరుచుకోదు. గుడ్డను ఎంత బిగువుగా పట్టాలి, ఎంత వదులుగా వదలాలి అన్నది కుండ వంపును బట్టి క్షణక్షణం మారుతుంది. కుండ చాలినంత వేడెక్కకపోతే పొర ముద్దగా వీపుకు కరుచుకుపోతుంది. మరీ కాలితే బుడగలు లేచి చిల్లులు పడుతుంది, లేదా ఎర్రబారుతుంది. పొద్దున్న మొదటి రేకుకూ మధ్యాహ్నం రేకుకూ కుండ వేడి ఒకేలా ఉండదు, వాన పట్టిన రోజు గాలి తడి వేరే. ఇవన్నీ కొలిచే సాధనం ఏదీ ఆ పాకలో లేదు. గుడ్డ తగిలినప్పుడు వచ్చే చప్పుడుతోనే కుండ ఎంత కాగిందో పోల్చుకుంటారు. కాగితం తయారుచేసేవాళ్లు జల్లెడ ముంచి గుజ్జును సమంగా లేపడానికి ఏళ్లు పడుతుందంటారు. ఇది అంతకన్నా కష్టం, ఎందుకంటే ఇక్కడ తడీ నిప్పూ ఒకే క్షణంలో కలవాలి.

ఇంత పనితనం ఉన్న చోట దాని విలువ ఎలా లెక్క కడుతున్నారో కూడా చెప్పుకోవాలి. ఊళ్లో పని రెండుగా విడిపోయింది. రేకులు తీసేవాళ్లు ఒకరు, చుట్టి అమ్మేవాళ్లు మరొకరు. తీసేవాళ్లు చాలావరకు ఇళ్లలోనే తీసి, వందకు ఇంత అని లెక్క కట్టి దుకాణాలకు ఇస్తారు. చుట్టిన పూతరేకు ధర జీడిపప్పును బట్టి, బాదంపప్పును బట్టి, పెట్టె అందాన్ని బట్టి పెరుగుతూ పోతుంది. రేకు ధర అలా పెరగదు. దుకాణంలో ధరల పట్టిక చూడండి. పది రకాల పూతరేకులు ఉంటాయి, పదింటికీ పేర్లు లోపల వేసే సరుకును బట్టే. రేకును బట్టి పెట్టిన పేరు ఒక్కటీ ఉండదు. పలచగా, చిల్లు లేకుండా, అంచు దాకా ఒకే మందంలో తీసిన రేకుకూ, ఏదో అయిందనిపించిన రేకుకూ తేడా కొనేవాడికి తెలియకపోతే, తీసేవాళ్లకు ఆ తేడా మీద డబ్బు రాదు. డబ్బు రానప్పుడు కొత్త తరం పొయ్యి ముందు ఎందుకు కూర్చుంటుంది?

ఆ కూర్చోవడం సుఖమైన పని కాదు. వేసవిలో కోనసీమ ఉక్క ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఉక్కలో భగభగలాడే కుండకు చేతికందే దూరంలో, పొగలో, గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవాలి. కళ్లు మండుతాయి, నడుము పట్టేస్తుంది, వేళ్ల చివర్లు కాయలు కాస్తాయి. పొగ బయటికి పోయే గొట్టం, ఎత్తు సరిపోయే పీట, గాలి ఆడే పాక ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. ఇవేమీ పెద్ద ఖర్చులు కావు. పూతరేకుల గొప్పదనం గురించి సభల్లో మాట్లాడే వాళ్లంతా ముందు పొగ గొట్టం గురించి మాట్లాడితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇప్పుడు చుట్టడం. ఎండిన రేకు ముట్టుకుంటే నలుగుతుంది, మడిస్తే విరుగుతుంది. దాన్ని లొంగదీయడానికి నీళ్లు కావాలి, కానీ నీళ్లు తగిలితే రేకు కరిగి ముద్దవుతుంది. అందుకని తడిపి గట్టిగా పిండేసిన గుడ్డను రేకు మీద అలా తాకించి తీస్తారు. ఆ చెమ్మ చాలు, రేకు పట్టుగుడ్డలా మెత్తబడి చెప్పినట్టు వింటుంది. మందంగా ఉన్న అంచులు తీసేసి, ఒక రేకు మీద ఇంకో రేకు పరిచి, కాచిన నెయ్యి చిలకరించి, పంచదార పొడో బెల్లం పొడో చల్లుతారు. పైన మరికొన్ని రేకు ముక్కలు, మళ్లీ నెయ్యి, మళ్లీ పొడి. రెండు పక్కలా లోపలికి మడిచి పొడవుగా చుట్టేస్తారు. చెమ్మ ఆరేలోగా చుట్టడం అయిపోవాలి. ఆరాక రేకు మళ్లీ పెళుసవుతుంది. అప్పుడే పూతరేకుకు ఆ గుణం వస్తుంది: పంటి కింద ముందు చిన్నగా విరిగి, వెంటనే నాలుక మీద తడికి కరిగిపోవడం.

ఇక్కడ నెయ్యి రుచికి మాత్రమే కాదు. బెల్లానికి గాలిలోని తేమను లాగేసే గుణం ఉంది. వానాకాలంలో డబ్బాలో బెల్లం ఎలా చెమర్చుతుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆ చెమ్మ రేకుకు తగిలితే రేకు పోయినట్టే. రేకు మీద పట్టిన నెయ్యి పూత ఆ చెమ్మను కొంతవరకు అడ్డుకుంటుంది. అందుకే నెయ్యి తగ్గించి చుట్టిన బెల్లం పూతరేకు తొందరగా సాగుతుంది. పంచదారది కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. నన్నడిగితే బెల్లందే తినాలి. పంచదారది నోట్లో పెట్టగానే తీపి ఒక్కసారిగా కమ్మేసి, మిగతా దేన్నీ తెలియనివ్వదు. బెల్లం తీపి వెనక కాస్త ఉప్పదనం, కాస్త కాలిన వాసన ఉంటాయి. నెయ్యి వాసన వాటితో కలిసి నిలుస్తుంది. జీడిపప్పు, బాదం, పిస్తా వేసినవి కానుకగా ఇవ్వడానికి బాగుంటాయి. కానీ పప్పు పలుకులు ఎక్కువైన కొద్దీ నమలాల్సి వస్తుంది. నమిలి తినేదైతే రేకు అంత పలచగా తీయడం దేనికి?

ఆత్రేయపురం చేతికి ఇంకో విద్య కూడా వచ్చు. మామిడి తాండ్ర. పూతరేకుల పేరు పెద్దదై దీన్ని కాస్త వెనక్కి నెట్టింది గానీ, వేసవిలో ఆ చుట్టుపక్కల వెళ్తే పచ్చటి మామిడి రసం ఎండలో ఆరుతూ కనిపిస్తుంది. పండ్ల రసం పిండి, పీచు వడకట్టి, తీపి కలిపి, చాపల మీద పలచగా పోసి ఎండబెడతారు. ఒక పూత ఆరాక దాని మీద ఇంకో పూత. అలా రోజుల తరబడి పూత మీద పూత వేసుకుంటూ పోతే తాండ్ర మందం తేలుతుంది. ఒకేసారి మందంగా పోసేస్తే పని తొందరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది. అలా చేస్తే పైన తోలు కట్టి లోపలి తడి బయటికి పోదు, అడుగున పులుస్తుంది. పలచటి పూత అయితే ఒక్క ఎండకే అడుగు దాకా ఆరుతుంది. తాండ్రను అడ్డంగా కోసి చూడండి, చెట్టు మొద్దులో వలయాల్లా చారలు కనిపిస్తాయి. ఒక్కో చారా ఒక్కో రోజు ఎండ.

పూతరేకుకూ తాండ్రకూ చుట్టరికం ఇక్కడే ఉంది. రెండూ పలచటి పూతను ఆరబెట్టే విద్యలే. ఒకటి నిప్పు మీద రెప్పపాటులో, మరొకటి ఎండలో రోజుల మీద. తాండ్రకు మబ్బు శత్రువు, పూతరేకుకు తేమ శత్రువు. ఇంత నీటి మధ్య, ఇంత ఉక్కలో బతికే ఊరు ఆరబెట్టడంలో ఆరితేరడం నాకు విచిత్రంగా అనిపించదు. ఏ వస్తువైనా ఇట్టే చెమర్చి బూజు పట్టే చోటనే దాన్ని నిలవ పెట్టే తెలివి అవసరమవుతుంది.

       

మళ్లీ రేకు దగ్గరికి వద్దాం. ఈ చిన్న ఊరి మిఠాయి ఇంత దూరం ఎలా పాకింది? మొదటి దారి పెళ్లిళ్లు. గోదావరి జిల్లాల్లో అమ్మాయిని అత్తవారింటికి పంపేటప్పుడు సారెలో పెట్టే మిఠాయిల్లో పూతరేకులకు పీట ఉంది. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి పెట్టేవాటిలోనూ ఉంది. సారె పంచిపెట్టిన ప్రతి ఇంటికీ ఊరి పేరు చేరుతుంది. రెండో దారి గుళ్లు. ఆత్రేయపురం మండలంలోనే గౌతమి ఒడ్డున వాడపల్లి వెంకన్న ఉన్నాడు. ఏడు శనివారాలు వరసగా దర్శనం చేసుకుంటామని మొక్కుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఉన్నాడు, ఒకే శిలలో ముందు విష్ణువు, వెనక మోహిని. ఈ రెండు చోట్లకూ వచ్చినవాళ్లు తిరుగుదారిలో ఓ పెట్టె పట్టుకెళ్లడం మామూలైపోయింది. మూడోది కొరియర్. అమెరికాలో ఉన్న పిల్లలకు ఊరగాయలతో పాటు పూతరేకులూ వెళ్తున్నాయి. నీటి తడి లేని తిండి కాబట్టి ప్రయాణం తట్టుకుంటుంది, దెబ్బ మాత్రం తట్టుకోదు. పెట్టెలో కదలకుండా సర్దడం కూడా ఇప్పుడు ఊళ్లో ఒక పనైంది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం దీనికోసం దరఖాస్తు చేసింది. మిఠాయి సంఘానికి ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరు పెట్టుకోవడం బయటివాళ్లకు వింతగా ఉంటుందేమో గానీ, కాలవ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు కాదు. 1999లో చేసిన చట్టం ప్రకారం ఈ గుర్తింపు పదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. ఆంధ్రప్రదేశ్ మిఠాయిల్లో అంతకు ముందే తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో ఇలాంటి గుర్తింపు వచ్చింది.

ఈ మూడింటిలో పూతరేకుకు ఒక ప్రత్యేకత ఉంది. తిరుపతి లడ్డు ఒక దేవస్థానం చేతిలో ఉంది. బందరు లడ్డు పనితనం దాన్ని చేసి అమ్మే దుకాణాల చేతిలో ఉంది. పూతరేకులో కీలకమైన పని దుకాణానికి బయట, ఎక్కడో ఒక పాకలో, పెట్టె మీద పేరు లేని మనిషి చేతిలో ఉంది. చట్టంలో అధీకృత వినియోగదారులు అనే ఏర్పాటు ఉంది. ఆ పేరు వాడుకునే హక్కున్న ఉత్పత్తిదారులు తమ పేర్లు విడిగా నమోదు చేయించుకోవచ్చు. ఆ జాబితాలో దుకాణాల పేర్లతో పాటు రేకులు తీసే ఆడవాళ్ల పేర్లు కూడా ఎక్కాలి. ఎక్కితే, రేకు ధర అడిగే బలం వాళ్ల చేతికి వస్తుంది. అప్పుడు వాళ్లు పనివాళ్లు మాత్రమే కారు, ఈ పేరుకు హక్కుదారులు. ఈ పని ఎవరికో అప్పగించి ఊరుకునేది కాదు. కొనేవాళ్లం కూడా మెల్లగా అలవాటు మార్చుకోవాలి. దుకాణంలో ఈ నెయ్యి ఎక్కడిది అని అడుగుతాం కదా, ఈ రేకు ఎవరు తీశారు అని కూడా అడగవచ్చు. చెప్పగలిగిన దుకాణం మీద నాకు గురి ఎక్కువ.

మంచి రేకును గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. చెయ్యి అవతలి నుంచి మసకగా కనిపించాలి, వెలుగు అంతటా ఒకేలా రావాలి. ముదురు మచ్చలు, చారలు కనబడితే అక్కడ పిండి మందంగా పడిందని అర్థం. గుచ్చినట్టు చిల్లులుంటే పిండి పలచబడింది, లేదా కుండ మరీ కాలింది. రంగు పాల తెలుపులో ఉండాలి, పసుపు తిరగకూడదు. రెండు వేళ్ల మధ్య నలిపితే పొడిగా చిన్న చప్పుడుతో చిట్లాలి. సాగుతున్నట్టు ఉంటే తేమ లాగిందన్నమాట. వాసన ఉండకూడదు. పాత నూనె వాసన వస్తే కుండ సరిగా తుడవలేదు.

ఆత్రేయపురం దుకాణాల్లో చుట్టని విడి రేకులు కూడా అడిగితే ఇస్తారు. నా సలహా వాటినే తెచ్చుకోమని. గాలి చొరని డబ్బాలో పొడిగా పెడితే చుట్టిన పూతరేకుల కన్నా ఎక్కువ రోజులు నిలుస్తాయి. తినాలనుకున్న పూటే చుట్టుకోవచ్చు. బెల్లాన్ని ముందు రోజే సన్నగా తురిమి, పళ్లెంలో పరిచి నీడన ఆరబెట్టండి. నెయ్యి వేడిగా ఉండకూడదు, పేరుకునీ ఉండకూడదు, కరిగి గోరువెచ్చగా ఉండాలి. యాలకులు రెండు చాలు, ఎక్కువైతే నెయ్యి వాసన చచ్చిపోతుంది. పిండిన తడిగుడ్డ తాకించి పదంకెలు లెక్కపెట్టేలోగా చుట్టేయండి. మొదటి రెండు మూడు విరుగుతాయి, ఫరవాలేదు, విరిగిన ముక్కలే తర్వాతి చుట్టలో లోపలి పొరలవుతాయి. ఫ్యాన్ ఆపడం మాత్రం మరవకండి, ఆ కాస్త గాలికే రేకులు ఎగిరిపోతాయి.